ఏడిళ్ళ ఇనుము

డిగ్రీలో నేను జియాలజీ చదివానంటే దానికి కారణం రాళ్ళమీద ప్రేమ కాదు. కెమిస్ట్రీ కోసం వరుసలో నిలబడితే నా వంతు వచ్చేసరికి సీట్లు అయిపోయాయి. కిటికీ వెనక గుమస్తా తల ఎత్తకుండానే, జియాలజీ ఖాళీగా ఉంది, చేరతావా, ఇంటికి పోతావా అని తమిళంలో అడిగాడు. ఇంటికి పోతే మేకలున్నాయి. చేరతానన్నాను.

ఆ కబురు చెప్పినప్పుడు మా నాన్న చాలాసేపు నవ్వాడు. "రాళ్ళు చదివేదానికి కాలేజీ ఏంటికప్పా? మన గుట్టమీద లేవా రాళ్ళు?" అన్నాడు. నాన్న అప్పట్లో హోసూరులో కొత్తగా లేస్తున్న ఫ్యాక్టరీలకు గోడలు కట్టే పనికి పోయేవాడు. వారానికొకసారి ఇంటికొచ్చేవాడు. కెలమంగలం నుంచి తళికి పోయే వైపు, బస్సు దిగి మైలున్నర నడిస్తే మా పల్లె. మాది మేకలు కాసుకునే ఇల్లు. పల్లెలో పదో తరగతి దాటినవాణ్ణి నేనొక్కణ్ణే. అది గొప్పేమీ కాదు, భయం. నేను తప్పితే ఇంక మన పిల్లల్ని ఎందుకు చదివించాలని అందరూ అనడానికి సిద్ధంగా ఉన్నారు.

ఇక కడియం సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే తరవాత జరిగిందేదీ అర్థం కాదు.

నాకు ముందు మా అమ్మకు ముగ్గురు పిల్లలు పుట్టి పోయారు. ఒకరు పురిట్లో, ఒకరు మూడో నెలలో, ఒకరు నడక వచ్చాక. నేను పుట్టిన తొమ్మిదో రోజున అమ్మ పచ్చిబాలింతగానే నన్ను చేటలో వేసుకుని, పల్లెలో ఏడిళ్ళ ముందు నిలబడి ఇనుము అడుక్కుందట. మా వాళ్ళలో అది ఆచారం. పిల్లలు నిలవని తల్లి ఏడిళ్ళ ఇనుము భిక్షంగా తెచ్చి, ఆ ఇనుముతో కడియం చేయించి పిల్లవాడికి తొడిగితే, ఆ ఏడిళ్ళ బలం కలిసి వాణ్ణి పట్టి ఉంచుతుందని నమ్మకం. ఒకరు విరిగిన కొడవలి ముక్క ఇచ్చారు, ఒకరు ఎద్దు నాడా, ఒకరు తలుపు గొళ్ళెం. మేకు ఇచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. కమ్మరి వాటన్నిటినీ కాల్చి కొట్టి ఒకటి చేశాడు. నేను పెరిగేకొద్దీ పాత ఇనుము పారెయ్యకుండా, దాంట్లోనే ఇంకాస్త కలిపి మళ్ళీ కొట్టేవాడు. పదమూడో ఏట చివరిసారి కుడిచేతికి తొడిగి మూతి కలిపేశాడు. ఆ తరవాత చెయ్యి పెరిగింది, కడియం పెరగలేదు. కోస్తే తప్ప ఊడదు. చిటికెన వేలంత లావు, నల్లగా, ఒకపక్క సుత్తిదెబ్బలు కనిపిస్తూ ఉండేది.

పల్లెలో ఉన్నంతకాలం దాని గురించి నేను ఆలోచించలేదు. కాలేజీకి వచ్చిన మొదటి వారంలోనే ఆలోచించాల్సి వచ్చింది. మా కాలేజీ కృష్ణగిరి దాటి ఇంకా బస్సులో పోవాల్సిన ఊళ్ళో ఉండేది. మెస్సులో నా పక్కన కూర్చున్నవాడు కడియం చూసి, "ఏం, సంకెళ్ళు తెంచుకుని వచ్చినావా?" అన్నాడు. బల్ల మొత్తం నవ్వింది. ఆ మర్నాటినుంచి నేను పొడుగుచేతుల చొక్కాలే వేశాను. వైశాఖమాసపు ఎండలో కూడా గుండీ విప్పలేదు. స్నానానికి పోయేటప్పుడు మణికట్టుకు రుమాలు చుట్టుకునేవాణ్ణి. ఎవరైనా అడిగితే తామర అని చెప్పేవాణ్ణి. ఇంక ఎవరూ దగ్గరికి వచ్చి చూడలేదు. మూడేళ్ళు అలా గడిపాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ చొక్కా గుండీ మీదే నాకు కోపం వస్తుంది.

మూడో సంవత్సరంలో ప్రతి ఇద్దరు విద్యార్థులూ కలిసి కొంత నేల మ్యాపు గియ్యాలి. ఒక చోటు ఎంచుకుని, అక్కడ రాళ్ళు బయటపడిన ప్రతిచోటికీ పోయి, ఏ రాయో రాసి, ఆ రాయిలో పొరలు ఏ దిక్కుకు సాగుతున్నాయో, ఎటు ఎంత వాలుతున్నాయో కంపాసుతో కొలవాలి. రిపోర్టు కాలేజీ ఒప్పుకుంటేనే యూనివర్సిటీ ప్రాక్టికల్ పరీక్షకు కూర్చోనిస్తారు. ఒప్పుకోకపోతే సంవత్సరం పోయినట్టే. నాకు హాస్టల్లో ఉచితంగా సీటిచ్చింది మూడేళ్ళకే. నాలుగో ఏడు అనే మాట నా విషయంలో లేదు. తప్పితే హోసూరులో నాన్నతోపాటు ఇటుకలు మోసే పనికి పోవాలి, అది ఇంట్లో ముందే అనుకున్న మాట.

నా జతగాడు కెలమంగలం దగ్గరివాడు. వాళ్ళింట్లో పట్టుపురుగులు పెంచేవాళ్ళు. మాకిద్దరికీ తెలిసిన నేలే కదా అని మా పల్లె వెనకున్న గుట్టల వరుసనే ఎంచుకున్నాం. సంక్రాంతి సెలవులు కలుపుకుని ఇరవై రోజులు తిరిగాం. వాడి చేతిరాత ముత్యాల్లా ఉండేది కాబట్టి వాడు రాసేవాడు. నాకు చెయ్యి వణకదు కాబట్టి కంపాసు నేను పట్టేవాణ్ణి. మొత్తం యాభైనాలుగు చోట్లు. ప్రతిచోటా బండమీద ఎర్రరంగుతో నంబరు వేశాం.

మా సారు మొదటి రోజే చెప్పారు, కంపాసు దగ్గర ఇనుము ఉండకూడదు, సుత్తి మూడడుగుల దూరంలో పెట్టి కొలవాలి అని. నేను ఆ మాట దైవవాక్కులా పాటించాను. యాభైనాలుగు చోట్లా సుత్తి తీసి దూరంగా పెట్టాను. జేబులో హాస్టల్ గది తాళంచెవి కూడా తీసి సుత్తి పక్కన పెట్టేవాణ్ణి. నా జాగ్రత్త చూసి జతగాడు ఎగతాళి చేసేవాడు. కడియం గురించి నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. ఎవరైనా నమ్ముతారా? తొమ్మిదోరోజు నుంచి ఒంటిమీద ఉన్నదాన్ని నేను ఇనుముగా చూడలేదు. అది నా చెయ్యి. చేతిని ఎవరు తీసి దూరంగా పెడతారు?

రిపోర్టు ఇవ్వడానికి వారం ఉందనగా, ఒక సోమవారం సారు నన్ను ల్యాబుకు పిలిచారు. బల్లమీద మా మ్యాపు పరిచి ఉంది. ఆయన తమిళుడు, మెల్లగా మాట్లాడే మనిషి. "ఎన్న తంబి ఇదు?" అన్నారు. ఏమిటిది తమ్ముడూ అని. ఆయన గొంతులో కోపం లేదు. అదే నన్ను భయపెట్టింది. గుట్ట సాగే దిక్కు ఒకటి, నేను కొలిచిన పొరల దిక్కు ఇంకొకటి. పోనీ అన్నీ ఒకేలా తప్పాయా అంటే అదీ లేదు. పక్కపక్కనే ఉన్న రెండు బండల్లో ఒకటి ఇటు తిరిగింది, ఒకటి అటు. "ఈ కొండను ఎవరైనా తీసుకుని పిండారా?" అని అడిగారు.

నేను కొలిచిందే రాశామన్నాను. ఆయన కంపాసు నా చేతికిచ్చి, బల్ల అంచు ఏ దిక్కుకు ఉందో కొలవమన్నారు. కొలిచాను. అదే అంచును ఆయన కొలిచారు. పన్నెండు డిగ్రీల తేడా. నన్ను బల్లకు అవతలివైపునుంచి మళ్ళీ కొలవమన్నారు. ఈసారి ఏడు డిగ్రీలు, అదీ రెండోవైపుకు. ఆయన కాసేపు నా చేతివంక చూసి, దగ్గరికి వచ్చి, నా చొక్కా గుండీ తానే విప్పారు.

కడియం బయటపడింది. ఆయన కంపాసును బల్లమీద పెట్టి నా మణికట్టును దాని దగ్గరికి తెచ్చారు. ముల్లు తిరిగి కడియంవైపు వచ్చింది. చెయ్యి వెనక్కి లాగారు, ముల్లు తన చోటికి పోయింది. ఇరవై రోజులు. యాభైనాలుగు చోట్లు. ఒక్క కొలతా పనికిరాదు. చెయ్యి ఏ వైపునుంచి వచ్చిందో దాన్నిబట్టి తప్పు మారుతుంది కాబట్టి, ఇంత తీసేసి దిద్దుకుందామనడానికి కూడా లేదు. పొరల వాలు కొలతలకు ముల్లుతో పని లేదు కాబట్టి అవి మాత్రం మిగిలాయి.

"వచ్చే సోమవారం సాయంత్రం," అన్నారు సారు. "అంతకు మించి నా చేతుల్లో లేదు." కాలేజీ కంపాసు మళ్ళీ నా చేతుల్లో పెట్టి, పగలగొట్టకు, ఉన్నవే నాలుగు అని చెప్పారు.

మంగళవారం పొద్దున మొదటి బస్సెక్కి జతగాడి ఇంటికి పోయాను. వాడు పట్టుపురుగుల తట్టల మధ్య చొక్కా లేకుండా ఆకు వేస్తున్నాడు. పురుగులు నాలుగోసారి కుబుసం విడిచి లేచాయి. ఆ వారం అవి తినే ఆకుకు అంతుండదు. ఇంట్లో అందరూ వంతులవారీగా ఆకు కోసి తెచ్చి వెయ్యాల్సిందే. జరిగింది చెప్పాను. వాడు నవ్వబోయి, నా ముఖం చూసి ఆగిపోయాడు.

"చెయ్యి చూపించు," అన్నాడు. చూపించాను.

"మూడేండ్లు పక్కనే కూచున్నాను కదరా. తామర అని చెప్పినావే."

ఆ మాట ఇప్పటికీ నాకు తగులుతూనే ఉంది. వాడు నన్ను తిట్టలేదు. వాడి సంవత్సరం కూడా నాతోపాటే పోతోంది, ఆ సంగతి కూడా ఎత్తలేదు. "నేను రాలేనురా. ఈ పురుగులు ఇడిచిపెట్టి వస్తే మా నాయన నన్ను ఇంట్లోకి రానీడు. ఆదివారానికి పండి గూడు కట్టేదానికి వస్తాయి. అవి గూళ్ళకు ఎక్కినాక వచ్చి మ్యాపు గీసిస్తాను. కొలతలు నువ్వే తేవల్ల," అని మళ్ళీ ఆకు వెయ్యడంలో పడ్డాడు.

మధ్యాహ్నానికి ఇల్లు చేరాను. దారిలోనే నంబరు వేసిన బండ ఒకటి కనిపిస్తే, ఒంటిచేత్తో కొలవగలనేమో చూద్దామని ఆగాను. కుడిచెయ్యి వీపు వెనక పెట్టుకుని, ఎడమచేత్తో కంపాసును రాతిపొరకు ఆనించాను. దాంట్లో నీటిబుడగ మధ్యకు వస్తేగాని అది మట్టంగా ఉన్నట్టు కాదు. బుడగ ఒకచోట నిలవలేదు. వేళ్ళు జారి కంపాసు బండమీదనుంచి దొర్లింది. ఒళ్ళో పట్టుకున్నాను. అక్కడే కూలబడ్డాను. అది పగిలితే ఇంక అనుకోవడానికేమీ ఉండదు.

అందుకే ఇంటికి పోతూనే అమ్మతో అన్నాను, కడియం కోయించాలి, ఇప్పుడే కమ్మరి దగ్గరికి పోతున్నానని.

అమ్మ మేకపిల్లకు పాలు పట్టిస్తోంది. తల ఎత్తలేదు. "నేను చచ్చినాక కోయించుకోప్పా," అంది.

నేను చదువు గురించి చెప్పాను. కంపాసు గురించి, ముల్లు గురించి, యాభైనాలుగు చోట్ల గురించి. ఆమె అన్నీ విని, "ఇంగేదన్నా దోవ చూడు. అది మాత్రం వద్దు. అది తీసినారంటే..." అని ఆగిపోయింది. ఆ మాట ఆమె ఏనాడూ పూర్తి చెయ్యలేదు, నోటితో అంటే జరుగుతుందని భయం.

అప్పుడు నేను అన్న మాటలు రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు, అయినా రాస్తాను. "ఇనుము లేక చచ్చినారా వాళ్ళు ముగ్గురూ? ఒగరు పురిట్లో, ఇద్దరు నీళ్ళ విరేచనాలొచ్చి చచ్చినారు. ఆస్పత్రికి తీసకపోకుండా సాకినావు, అందుకే చచ్చినారు. ఈ తుప్పు ముక్క నన్ను కాపాడలేదు, ముంచేసింది," అన్నాను. ఇరవై ఏళ్ళవాణ్ణి. కాలేజీలో నేర్చుకున్న తెలివంతా ఆ నాలుగు మాటల్లో ఆమె మీద పోశాను.

అమ్మ ఏడవలేదు. మేకపిల్లను దించి లోపలికి పోయింది. నేను కమ్మరి దగ్గరికి పోలేదు. పోవడానికి కాళ్ళు రాలేదు. అరుగుమీద కూర్చుని, ఇటుకలు మోసే మనిషికి నెలకు ఎన్ని చొక్కాలు చిరుగుతాయో అని పిచ్చి ఆలోచనలు చేశాను.

తెల్లారి లేచేసరికి అమ్మ వాకిట్లో నిలబడి ఉంది. సద్దిముద్ద మూట, నీళ్ళ బుర్ర, వెనక మేకలు.

"నీ చేతికి కదా ఇనుము. నా చేతికి లేదు కదా. ఏం చేయల్నో చెప్పు, నేను పట్టుకుంటాను," అంది.

నాకు మొదట వచ్చింది కోపమే. గడియారం చూడ్డం రాని మనిషి కంపాసు పట్టుకుంటుందట! కానీ ఇంకో దారి లేదు. నాకు ఆమె మీద నమ్మకం కలిగి ఒప్పుకున్నానని చెప్పను. మునిగేవాడు ఏది దొరికితే దాన్ని పట్టుకున్నట్టు పట్టుకున్నాను.

మొదట ఆమె ఒంటిమీది ఇనుమంతా తీయించాను. నడుముకు దోపుకున్న కొడవలి, బొడ్లో పెట్టె తాళంచెవి, గాజులకు గుచ్చుకున్న నాలుగు పిన్నీసులు, తాళితాడుకు ఉన్న ఇంకో రెండు. పిన్నీసులు తీస్తూ, "ఇవి కూడానా?" అని ఆశ్చర్యపోయింది. పెద్దమేక మెడలో గంట ఇనుపదే. దాన్ని దూరంగా తోలాం. కంపాసు మూతకు పక్కన ఒక చిన్న మీట ఉంటుంది. అది నొక్కితే ముల్లు ఉన్నచోటే బిగుసుకుపోతుంది. అమ్మ చెయ్యాల్సింది ఇంతే. నేను సుద్దతో గీత గీసిన చోట కంపాసు అంచు ఆనించాలి. బుడగ మధ్యకు తేవాలి. ముల్లు ఊగడం ఆగేదాకా ఆగాలి. మీట నొక్కాలి. నొక్కి పట్టుకుని నా దగ్గరికి తేవాలి. నేను పదడుగుల దూరంలో నిలబడి, తెచ్చాక అంకె చదువుకుంటాను.

బుధవారం పద్నాలుగు చోట్లు కొలిచాం. సాయంత్రం అంకెలు మ్యాపుమీద పెట్టి చూస్తే మొదటికన్నా ఘోరంగా ఉన్నాయి. ఎందుకో అర్థం కాలేదు. మళ్ళీ ఒకసారి చేసి చూపించమన్నాను. బండమీదనుంచి నా దగ్గరికి దిగేటప్పుడు ఆమె జారిపోకుండా పక్కరాయి పట్టుకుంటోంది. అప్పుడు బొటనవేలు మీటమీదనుంచి లేచిపోతోంది. ముల్లు విడిపోయి, నా దగ్గరికి వచ్చేసరికి కడియంవైపు తిరుగుతోంది, ఆమె మీట మళ్ళీ నొక్కగానే అక్కడే బిగుసుకుంటోంది. ఆ రోజంతా వృథా. నేను గుట్టమీదే పెద్దగా అరిచాను. ఆమెనా, రాళ్ళనా, ఎవరిని తిడుతున్నానో నాకే తెలియదు.

అమ్మ నేను అరవడం అయ్యేదాకా ఆగింది. "రేపు కొంగుతో కట్టి తెస్తాను. అప్పుడెట్ల జారుతాదో చూస్తాను," అంది.

గురువారం నుంచి ఆమె మీట నొక్కాక, దానిమీద కొంగు చింపిన పేలిక ఒకటి బిగించి ముడివేసి తెచ్చేది. యాభైనాలుగు చోట్లు, మూడు రోజులు. నంబరు చెప్తే చాలు, దారి నేను చూపించాల్సిన పని లేకపోయింది. "పదిహేడా? అది నల్లమేక కాలు ఇరిగిన చోటు కదా," అని ముందు నడిచేది. ముప్పై మూడు, నేను కడుపులో ఉన్నప్పుడు ఆమె కట్టెలు దించుకున్న బండ. నాకు ఆ గుట్ట రాతిజాతులుగా, అంకెలుగా మాత్రమే తెలుసు. ఆమె దాన్ని ఇంకోరకంగా చదివేసింది, నాకన్నా ముందే చదివేసింది. ఆ మాట అప్పుడు నేను అనుకోలేదు. అప్పుడు నాకు అంకెలు తప్ప ఇంకేమీ కనిపించలేదు. ఇంకా ఎన్ని, ఇంకా ఎన్ని అని లెక్కపెట్టుకుంటూ నడిచాను.

శుక్రవారం ఆమె అరికాల్లో తుమ్మముల్లు దిగి విరిగింది. తీద్దామంటే పిన్నీసు లేదు, పిన్నీసులన్నీ ఇంట్లో విప్పి పెట్టి వచ్చింది. "పోనీలే, సాయంత్రం తీసుకుందాం. బిరిన పోదాం పా," అని కుంటుతూ ఎక్కింది. నేను ఆగమనలేదు. ఆగమనాల్సిందని ఇప్పుడు తెలుసు. ఆ రోజు ఇరవై చోట్లు అయ్యాయి.

శనివారం పొద్దు వాలుతుండగా యాభైనాలుగోది. గుట్ట నెత్తిన ఉన్న పెద్ద బండ. ఆమె కొలిచి, పేలిక కట్టి, తెచ్చి ఇచ్చింది. చదివాను. గుట్ట సాగే దిక్కుకు సరిగ్గా సరిపోయింది. మూడు రోజుల అంకెలు చూస్తే అన్నీ ఒకే వైపు, ఒకదాని వెనక ఒకటి నిలబడ్డాయి. నేను పుస్తకం మూసి మోకాళ్ళమీద తల పెట్టుకున్నాను. సంతోషమనడానికి లేదు. ఏడుపొచ్చేంత అలసట.

అమ్మ నా పక్కన కూర్చుంది. "ఒగసారి దాన్ని నీ చేతి దగ్గర పెట్టు, చూద్దాం," అంది.

ఇన్ని రోజులు నన్ను పదడుగుల దూరంలో నిలబెట్టి కొలిచింది గాని, ఎందుకు అలా నిలబెడుతున్నామో ఆమె కళ్ళతో చూడలేదు. నేను కంపాసును బండమీద పెట్టి, ముల్లు ఆగాక మణికట్టు దగ్గరికి తెచ్చాను. ముల్లు కదిలింది. మెల్లగా తిరిగి కడియంవైపు వచ్చి నిలబడింది.

ఆమె నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. ముల్లు వెళ్ళిపోయింది. మళ్ళీ దగ్గరికి తోసింది. ముల్లు వచ్చింది. అలా నాలుగుసార్లో ఐదుసార్లో చేసింది. ఇప్పుడైనా అర్థమవుతుంది, తప్పయింది కోయించుకో అంటుంది అనుకున్నాను.

అమ్మ ఏడుస్తోంది. నిన్నంతా కాల్లో తుమ్మముల్లుతో నడిచినప్పుడు ఏడవని మనిషి, నేను ఆ మాటలు అన్నప్పుడు ఏడవని మనిషి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

"పట్టుకుంటా ఉందప్పా," అంది. "చూడు, ఎట్ల పట్టుకుంటా ఉందో. ఇరవై ఏండ్లు, నాకు రోజూ అనుమానమే. సుమ్నే, ఉత్త ఇనుమేమో, ఊరోళ్ళు నవ్వేది నిజమేమో, నేను పిచ్చిదాని మాదిరి తొడిగినానేమో అని. నువ్వు మొన్న అన్నావు చూడు, అదే మాట నేను రోజూ అనుకునేదాన్నే. లేదప్పా. పని చేస్తా ఉంది."

నేను చదివినదంతా నోటిదాకా వచ్చింది. ఏ ఇనుమైనా ముల్లును లాగుతుందమ్మా, పిన్నీసైనా లాగుతుంది అని చెప్పాలి. చెప్పలేదు. చెప్పి ఉంటే నా అంత దుర్మార్గుడు ఉండడు. కడియం కోయించే మాట ఆ రోజుతో పోయింది.

ఆదివారం జతగాడు వచ్చాడు. పురుగులు గూళ్ళకు ఎక్కాయి. వాడు మా అరుగుమీద కూర్చుని కొత్త మ్యాపు గీశాడు. సోమవారం సాయంత్రానికి రిపోర్టు సారు బల్లమీద పెట్టాం. మొదటి పేజీలో కృతజ్ఞతలు రాయడం మర్యాద. సారుకు, ప్రిన్సిపాలుకు, ల్యాబు అటెండరుకు రాశాం. జతగాడు కలం ఆపి, "అమ్మ పేరు?" అన్నాడు. వద్దన్నాను. మేకలు కాసే ఆవిడ కొలిచిందంటే ఎవరొప్పుకుంటారని వాదించాను. నిజమైన కారణం అది కాదు, వాడికీ తెలుసు. "స్థానికుల సహకారానికి" అని ఒక ముక్క రాశాం.

ప్రాక్టికల్ పరీక్షకు బయటినుంచి ఒక పెద్దాయన వచ్చారు. మా రిపోర్టు తిరగేస్తూ కొలతల పట్టిక దగ్గర ఆగారు. పక్కన మా సారు కూర్చున్నారు. కడియం సంగతి ఆయనకు తెలుసు, మిగతాది తెలియదు.

"ఈ దిక్కులు చాలా శుభ్రంగా ఉన్నాయే. పిల్లలు ఇంత ఓపికగా కొలవడం ఈ మధ్య నేను చూడలేదు. ఎవరు పట్టుకున్నారు కంపాసు?" అని అడిగారు ఆ పెద్దాయన.

జతగాడు నావైపు చూశాడు. నేను చొక్కా గుండీ పెట్టి ఉందో లేదో తడిమి చూసుకున్నాను.

"నేనే సార్," అన్నాను.

ఇద్దరం పాసయ్యాం. ఆ డిగ్రీతోనే నాకు తరవాత ఉద్యోగం వచ్చింది, దాంతోనే బతికాను. ఎడమచేత్తో కంపాసు పట్టడం నేర్చుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది. కడియం ఇప్పటికీ ఉంది.

పరీక్షయి ఇంటికి పోయిన రోజు అమ్మ బస్సు స్టాపుదాకా ఎదురొచ్చింది. ఇంకా కాస్త కుంటుతూనే ఉంది. "ఏమన్నారు?" అని అడిగింది.

"కొలతలు శానా బాగున్నాయన్నారు."

"నేను పట్టుకున్నానని చెప్పినావా?"

"చెప్పినాను," అన్నాను.

ఆ తరవాత బతికినన్నాళ్ళూ ఆమె ఆ మాట అందరికీ చెప్పుకుంది. కెలమంగలం సంతలో మేకలు కొనడానికి వచ్చినవాళ్ళకు కూడా చెప్పేది. మా వాడి పరీక్షలో నేను కొలిచిన కొలతలు చూసి పెద్దసారు మెచ్చుకున్నాడంట అని. నేను పక్కనే నిలబడి, చొక్కా చెయ్యి కిందికి లాక్కుంటూ, అవునని తల ఊపేవాణ్ణి.